కొత్త ముద్రణ

హెర్మన్ హైన్రిష్ గాసెన్ తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. మొదట నెపోలియన్ కొలువులో చేశాడు. నెపోలియన్ పోయి రైన్ నది ఒడ్డుకు ప్రష్యా రాజ్యం వచ్చాక ఆ రాజు కొలువులో చేశాడు. కొడుకు కూడా సర్కారు ఉద్యోగమే చెయ్యాలని ఆయన పట్టు. కొడుక్కి లెక్కలంటే ఇష్టం. తండ్రి మాట తీసెయ్యలేక బాన్‌లోనూ బెర్లిన్‌లోనూ న్యాయశాస్త్రం చదివి, 1834లో కొలోన్‌లో కొలువులో చేరాడు.

పదమూడేళ్లు చేశాడు. పైఅధికారులకు ఆయన పని నచ్చలేదు. ఆయనకు ఆ ఉద్యోగమే నచ్చలేదు. 1847లో తండ్రి పోయాడు. అదే ఏడాది గాసెన్ రాజీనామా ఇచ్చేశాడు.

తర్వాత ఒక బెల్జియన్ భాగస్వామితో కలిసి బీమా వ్యాపారంలో దిగాడు. వడగళ్లకు పంట పోయినా, రోగమొచ్చి పశువు చచ్చినా రైతుకు డబ్బు చెల్లించే బీమా. కొద్దికాలానికే అందులోంచీ బయటికొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. కొలోన్‌లో తోబుట్టువులిద్దరి దగ్గర ఉంటూ, తీరిక దొరికితే వయొలిన్ వాయించుకుంటూ, పుస్తకం రాయడం మొదలుపెట్టాడు.

ఆ పుస్తకం 1854లో బ్రౌన్‌ష్వైగ్ పట్నంలో అచ్చయింది. ప్రచురణకర్త ఫీవెగ్ పేరున్నవాడే. అచ్చు ఖర్చు మాత్రం రచయితదే. పేజీలు దాదాపు 280. మనుషుల మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోళ్ల నియమాలు, వాటి నుంచి మనిషి నడవడికకు వచ్చే సూత్రాలు అని పొడుగాటి పేరు. లోపల అధ్యాయాలు లేవు. ఉపశీర్షికలు లేవు. మొదటి పేజీలో మొదలైన మాట ఆఖరి పేజీ దాకా ఆగకుండా సాగుతుంది. మధ్యమధ్య బీజగణితం, పట్టికలు, గీతలు.

టైటిల్ పేజీ మీద తన పేరు కింద గాసెన్ తన హోదా వేయించుకున్నాడు. ప్రష్యా రాజుగారి ప్రభుత్వంలో అసెసర్, ప్రస్తుతం ఉద్యోగంలో లేడు అని. అర్థశాస్త్రంలో ఆయనకు వేరే హోదా ఏదీ లేదు.

ముందుమాటలో ఆయన వినయం నటించలేదు. ఆకాశంలో గోళాల నడకకు కోపర్నికస్ ఏం చేశాడో, భూమ్మీద మనుషుల నడకకు తాను అదే చేశానని రాసుకున్నాడు.

చెప్పిన సంగతి చిన్నదే. ఆకలిగా ఉన్నవాడికి మొదటి రొట్టెముక్క ఇచ్చే తృప్తి రెండోది ఇవ్వదు. రెండోది ఇచ్చేది మూడోది ఇవ్వదు. ఎక్కడో ఒకచోట ఇక చాలు అనిపిస్తుంది. చేతిలో ఉన్న డబ్బును మనిషి పది రకాల సుఖాల మీద ఖర్చు పెడతాడు. ఏ సుఖం మీద పెట్టిన ఆఖరి నాణెమైనా ఒకే పాటి తృప్తి ఇచ్చేలా సర్దుకుంటే, ఆ డబ్బుకు దక్కాల్సినంతా దక్కినట్టు. ఇంకో మాట కూడా రాశాడు. బయటి ప్రపంచంలో ఏ వస్తువుకూ తనంతట తనకు విలువ ఉండదు. అది కావాలనుకునే మనిషి ఉంటేనే దానికి విలువ.

పుస్తకం కావాలనుకునే మనుషులు రాలేదు.

జర్మన్ ఆచార్యులు అప్పట్లో అర్థశాస్త్రాన్ని చరిత్రలో వెతుకుతున్నారు. ఏ దేశంలో ఏ కాలంలో ఏం జరిగిందో చెబితే వింటారు. బీజగణితం వాళ్లకు పట్టదు. రాసినవాడు ఏ విశ్వవిద్యాలయానికీ చెందినవాడు కాదు. ఆచార్యుడు కాదు, ఆచార్యుడి శిష్యుడూ కాదు. నాలుగేళ్లలో కొన్ని ప్రతులు పోయాయి. మిగతావి ఫీవెగ్ గోదాములో ఉండిపోయాయి. రెండో రొట్టెముక్క మీద ఇష్టం తగ్గడం గురించి గాసెన్ సూత్రం రాశాడు. మొదటి ముక్కే వద్దనేవాళ్ల గురించి ఏమీ రాయలేదు.

1853లో వచ్చిన విషజ్వరం ఆయన ఒంటిని పీల్చేసింది. తర్వాత క్షయ పట్టుకుంది. అమ్మకం ఆపేసి మిగిలిన ప్రతులు తనకు తిప్పి పంపమని ప్రచురణకర్తకు చెప్పాడు. కట్టలు కొలోన్ చేరాయి. 1858 ఫిబ్రవరి 13న గాసెన్ పోయాడు. వయసు 47. మిగిలిన ప్రతులన్నీ నాశనం చేయించాడని తర్వాతి కాలంలో చాలామంది రాశారు. నిజానికి అవి చుట్టాల ఇంట్లో ఉన్నాయి. అడిగినవాడు లేడు.

పుస్తకం అచ్చయిన 1854లోనే ఇంగ్లండు నుంచి ఒక కుర్రాడు ఓడెక్కాడు. పేరు విలియమ్ స్టాన్లీ జెవన్స్. సిడ్నీలో కొత్తగా పెడుతున్న టంకశాలలో బంగారం నాణ్యత పరీక్షించే ఉద్యోగం దొరికింది. ఐదేళ్లు చేసి ఇంటికి తిరిగొచ్చాడు. 1860లో, మనిషి దగ్గర ఒక వస్తువు పెరిగేకొద్దీ దాని అదనపు ముక్క ఇచ్చే ప్రయోజనం తగ్గుతుందని, ధరల గుట్టంతా అక్కడే ఉందని ఆయనకు తట్టింది. 1862లో కేంబ్రిడ్జిలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశానికి దాని మీద ఒక వ్యాసం పంపాడు. వ్యాసం చదివారు. ఎవరూ పట్టించుకోలేదు. 1871లో పుస్తకంగా వేశాడు. ఈసారి పట్టించుకున్నారు.

జెవన్స్‌కు పుస్తకాల పిచ్చి. పాతవి, ఎవరికీ అక్కర్లేనివి, వీధి అంగళ్లలో చవగ్గా దొరికేవి తెచ్చి ఇల్లంతా నింపాడు. 1875 వేసవిలో ఫాక్స్‌వెల్ అనే కుర్ర అర్థశాస్త్రజ్ఞుణ్ణి వెంటబెట్టుకుని లండన్‌లో గ్రేట్ పోర్ట్‌లాండ్ వీధి వెంట నడిచాడు. ఒక అంగట్లో రైల్వేల అర్థశాస్త్రం మీద లార్డ్‌నర్ రాసిన పుస్తకం కనిపించింది. ఫాక్స్‌వెల్ ఆరు పెన్నీలిచ్చి కొన్నాడు. ఆ అలవాటు ఫాక్స్‌వెల్‌ను చచ్చేదాకా వదల్లేదు.

జెవన్స్ కొన్నది పుస్తకాలే కాదు. ఇంగ్లండులో బొగ్గు అయిపోతుందని 1865లో ఒక పుస్తకం రాసిన మనిషి ఆయన. కాగితం కూడా అయిపోతుందని భయం పట్టుకుంది. రాసుకునే తెల్లకాగితం, పొట్లాలు కట్టే మందపాటి గోధుమరంగు కాగితం గుట్టలు గుట్టలుగా కొని ఇంట్లో పోశాడు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటినా పిల్లలకు ఆ పొట్లాల కాగితం అయిపోలేదు. ఆ పిల్లల్లో ఒకడు అలహాబాదు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం పాఠం చెప్పాడు. ఒక వస్తువు దగ్గర పెరిగేకొద్దీ దాని ప్రయోజనం తగ్గుతుందన్న పాఠం కూడా అందులో ఉండే ఉంటుంది.

1874లో జెవన్స్‌కు స్విట్జర్లాండు నుంచి ఒక వ్యాసం అందింది. రాసింది లోజాన్‌లో ఉండే ఆచార్యుడు లియోన్ వాల్రాస్. చూస్తే తన సిద్ధాంతమే. అవే గణిత సూత్రాలు, అదే ముగింపు. మే నెలలో జెవన్స్ ఒక మర్యాదైన ఉత్తరం రాశాడు. ఇదంతా తాను 1862లోనే చెప్పానని, 1871లో పుస్తకంగా కూడా వేశానని, తేదీలు చూసుకోమని దాని సారాంశం. వాల్రాస్ తేదీలు చూసుకున్నాడు. ఆ సూత్రం వరకు జెవన్స్‌దే ముందు అని ఒప్పుకుంటూ జవాబు రాశాడు. ఆ ఉత్తరాలు రెండూ పారిస్ పత్రికలో అచ్చయ్యాయి. ఎవరు ముందన్నది తేలిపోయింది.

నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా జెవన్స్ మాంచెస్టర్‌లో ఓవెన్స్ కాలేజీ ఉద్యోగం వదిలి లండన్ వచ్చేశాడు. ఆ కుర్చీలోకి రాబర్ట్ ఆడమ్సన్ అనే ఆచార్యుడు వచ్చాడు. ఆయనకు జర్మన్ బాగా వచ్చు. కౌట్జ్ అనే హంగరీ ఆచార్యుడు రాసిన అర్థశాస్త్ర చరిత్ర చదువుతుంటే ఒకచోట గాసెన్ పేరు, ఆయన పుస్తకం ప్రస్తావన కనిపించాయి. చెప్పింది కొంచెమే. కానీ ఆ కొంచెం ఎక్కడో విన్నట్టుంది.

ఆడమ్సన్ ఆ పుస్తకం కోసం వెతికాడు. దొరకలేదు. కొంతకాలానికి జర్మనీ పాత పుస్తకాల వ్యాపారి ఒకరి కేటలాగులో ఆ పేరు కంటబడింది. వెంటనే తెప్పించుకుని చదివాడు. 1878 ఆగస్టులో సంగతంతా జెవన్స్‌కు తెలియజేశాడు.

జెవన్స్‌కు జర్మన్ చదవడం రాదు. ఆడమ్సన్ చెప్పిందే ఆధారం. ఆధారం సరిపోయింది. 1879లో తన పుస్తకం రెండో ముద్రణ వేస్తూ ముందుమాటలో జెవన్స్ దాపరికం లేకుండా రాశాడు. మూలసూత్రాల్లోనూ పద్ధతిలోనూ గాసెన్ తనకంటే ముందే అంతా చెప్పేశాడని, ఆయన పేరైనా తాను వినలేదని. ఎవరు ముందన్నది మళ్లీ తేలింది. తన సంగతి తేల్చుకోమని ఉత్తరం రాయడానికి గాసెన్ లేడు.

మూడేళ్లకు హేస్టింగ్స్ దగ్గర సముద్రస్నానానికి దిగి జెవన్స్ మునిగిపోయాడు. వయసు 46.

ఈలోగా వాల్రాస్ కూడా గాసెన్‌ను చదివాడు. ఆయన మనిషి తేలిగ్గా వదిలే రకం కాదు. రాసినవాడు ఎవరు, ఎక్కడివాడు, ఏమయ్యాడు అని ఆరా తీశాడు. గాసెన్ మేనల్లుడు కోర్టుమ్ బాన్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడని తెలిసింది. ఆయనకు రాసి వివరాలు తెప్పించుకున్నాడు. తండ్రి, ఉద్యోగం, బీమా, వయొలిన్, క్షయ, అన్నీ అలాగే బయటికొచ్చాయి. 1885లో పారిస్ పత్రికలో వాల్రాస్ పెద్ద వ్యాసం వేశాడు. ఎవరికీ తెలియని ఒక అర్థశాస్త్రజ్ఞుడు అని దాని పేరు.

వ్యాసంతో అందరికీ తెలిసిపోయింది. పుస్తకం కావాలని ఇప్పుడు నలుగురూ అడగసాగారు. అంగట్లో పుస్తకం లేదు.

బెర్లిన్‌లో ప్రాగర్ అని ఒక పాత పుస్తకాల వ్యాపారి ఉన్నాడు. న్యాయశాస్త్రం, రాజ్యశాస్త్రం పుస్తకాల్లో దిట్ట. గాసెన్ చుట్టాల దగ్గర కట్టలున్నాయన్న సంగతి ఆయన దాకా వచ్చింది. కోర్టుమ్ దగ్గర అవి కొనేశాడు. 1854లో అచ్చయిన కాగితం, 1854 సిరా. చదివినవాడు లేడు గనుక చెక్కుచెదరలేదు.

అచ్చు మళ్లీ వేయాల్సిన పని లేదు. అక్షరాలు కూర్చాల్సిన పని లేదు. కానీ ముప్పై అయిదేళ్ల నాటి సరుకును అలాగే అమ్మితే అది అమ్ముడుపోని సరుకు అవుతుంది. ప్రాగర్ ఒక్క ఆకు అచ్చు వేయించాడు. టైటిల్ పేజీ. పాత టైటిల్ పేజీ తీసేసి ఆ స్థానంలో దీన్ని అతికించాడు. దాని మీద బెర్లిన్, ప్రాగర్, 1889 అని ఉంది. వాటితోపాటు మరో మాట ఉంది. కొత్త ముద్రణ.

మొదటి ముద్రణ అమ్ముడుపోకుండానే గాసెన్ పుస్తకం రెండో ముద్రణకు వచ్చింది. ఈసారి అమ్ముడుపోయింది.

ఆ తర్వాత గాసెన్‌కు ఏ లోటూ లేదు. 1927లో నిజంగానే మరో ముద్రణ వచ్చింది. దానికి పీఠిక రాసింది అర్థశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ హాయెక్. 1983లో అమెరికాలో ఇంగ్లిషు అనువాదం వచ్చింది. చదివేవాళ్లకు ఊపిరాడాలని అందులో అధ్యాయాలుగా విడగొట్టారు. గాసెన్ సూత్రాలు రెండూ ఆయన పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో చేరాయి. మన దగ్గర ఇంటర్మీడియట్ పిల్లలు క్షీణోపాంత ప్రయోజన సూత్రం, సమోపాంత ప్రయోజన సూత్రం అని బట్టీ పడుతున్నది వాటినే. 1854 అన్న ఏడాదిని కూడా కలిపి బట్టీ పడతారు.

అర్థశాస్త్రం పాత పుస్తకాలకూ మంచి రోజులొచ్చాయి. ఆరు పెన్నీలతో మొదలుపెట్టిన ఫాక్స్‌వెల్ దగ్గర పాతికేళ్లలో దాదాపు 30,000 పుస్తకాలు పోగయ్యాయి. 1901లో వాటిని లండన్ స్వర్ణకారుల సంఘం 10,000 పౌండ్లకు కొన్నది. రెండేళ్లకు లండన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది. ఫాక్స్‌వెల్ ఇంటికెళ్లి మళ్లీ మొదటి నుంచి కొనడం మొదలుపెట్టాడు. ఆ రెండో పోగు చివరికి హార్వర్డ్ చేరింది.

ఆయన దారిలో ఇంకా చాలామంది నడిచారు. ఆడమ్ స్మిత్ 1776 నాటి మొదటి ముద్రణ, మార్క్స్ 1867 నాటి మొదటి ముద్రణ, వేలంపాటలో వీటి పేరు వినబడితే చేతులు లేస్తాయి. గాసెన్ మొదటి ముద్రణ వాటికంటే అరుదు. స్మిత్ పుస్తకం కొన్నవాళ్లు ఉన్నారు గనుక ప్రతులు మిగిలాయి. గాసెన్‌ది కొన్నవాళ్లు లేరు గనుక లేవు. 1854 అని టైటిల్ పేజీ ఉన్న ప్రతి అంగట్లోకి రావడమే అపురూపం. వస్తే దాని ధర మామూలు ఆచార్యుడి జీతానికి అందదు.

1889 అని ఉన్న ప్రతి అంత కష్టం కాదు. ధర కూడా 1854 దాని దరిదాపుల్లో ఉండదు.

రెండు ప్రతులనూ ఒక బల్ల మీద పక్కపక్కన తెరిచి పెడితే ముందుమాట నుంచి తేడా లేదు. అదే కాగితం. అదే అచ్చుకూటం, అదే రోజు సిరా. కోపర్నికస్ అదే పేజీలో ఉంటాడు. రొట్టెముక్క సూత్రం అదే పేజీలో ఉంటుంది. ఏ వస్తువుకూ తనంతట తనకు విలువ లేదన్న మాట అదే పేజీలో, అదే వరసలో ఉంటుంది. అచ్చుతప్పు ఉంటే అదీ రెండింట్లోనూ ఒకేచోట ఉంటుంది.

కొనడానికి వచ్చిన పెద్దమనిషి అంత దూరం పోడు. అట్ట తెరుస్తాడు. టైటిల్ పేజీని వేళ్ల మధ్య పట్టుకుని, తర్వాత అతికించిందేమోనని కుట్టు దగ్గర వెలుతురుకు పెట్టి చూస్తాడు. కింద ఏడాది చూస్తాడు. 1889 అయితే పుస్తకం మూసి బల్ల మీద పెట్టేస్తాడు. 1854 అయితే చెక్కుబుక్కు తీస్తాడు.

ఆయన డబ్బు ఇచ్చేది ఆ ఒక్క ఆకుకే. పుస్తకం మొత్తంలో అర్థశాస్త్రం ముక్క లేని ఆకు అదొక్కటే.